నాడి చెప్పే నిజం

మన పూర్వ వైద్యులు రోగి మణికట్టుపై మూడు వేళ్లు ఆనించి దేహస్థితిని గ్రహించేవారు. ఆధునిక వైద్యం నాడితోపాటు రక్తపోటు, శ్వాస, ఉష్ణోగ్రతలను కూడా ప్రాణ సూచికలుగా పరిగణిస్తుంది. ఆరోగ్యవంతుడైన యువకుడు విశ్రాంతిగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 60 నుండి 100 సార్లు, శ్వాస 12 నుండి 20 సార్లు ఆడుతుంది. రక్తపోటు సుమారు 120/80, ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది.

"సిగరెట్టు చేసే కీడు వార్ధక్యంలో కదా, ఇప్పటి నుండే భయమెందుకు?" అని కొందరు యువకులు వాదిస్తారు. ఆ వాదానికి వారి నాడియే సమాధానం చెబుతుంది.

పొగ పీల్చిన 10 నుండి 20 సెకన్లలోనే నికోటిన్ మెదడును చేరుతుంది. దాని ప్రేరణతో అడ్రినలిన్ అనే హార్మోను రక్తంలోకి విడుదలవుతుంది. పరీక్షలో ప్రశ్నపత్రం అందుకునే క్షణాన గుండె దడదడలాడడానికి కారణం ఇదే. అనగా, శత్రువు లేకుండానే దేహం యుద్ధానికి సన్నద్ధమవుతుంది. నాడీ స్పందనలు నిమిషానికి 10 నుండి 20 వరకు పెరగవచ్చు. పది చొప్పున లెక్కించినా, ఆ వేగం గంటసేపు నిలిస్తే గుండెకు 600 స్పందనల అదనపు శ్రమ. రక్తనాళాలు సంకోచించి రక్తపోటు హెచ్చుతుంది. వేళ్ల కొనలకు రక్తప్రసరణ తగ్గి చర్మం చల్లబడుతుంది.

పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మరొక శత్రువు. రక్తంలోని హీమోగ్లోబిన్‌తో అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా బంధం ఏర్పరచుకుంటుంది. ప్రాణవాయువు కూర్చోవలసిన ఆసనాన్ని విషవాయువు ఆక్రమిస్తుందన్నమాట. 2020లో కరోనా వ్యాపించినప్పుడు ఇంటింటా పరిచితమైన పల్స్ ఆక్సీమీటరు సైతం ఈ రెండింటి భేదాన్ని గుర్తించలేదు. అందువల్ల అది చూపే అంకె బాగున్నా, క్రీడాస్థలంలో నాలుగడుగులు పరుగెత్తగానే ఆయాసం నిజం చెబుతుంది. పైగా, కౌమారంలో ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతూనే ఉంటాయి. ధూమపానం ఆ ఎదుగుదలను మందగింపజేస్తుంది.

ఈ వ్యసనం సాధారణంగా స్నేహం పేరుతో ప్రవేశిస్తుంది. గురజాడవారి 'కన్యాశుల్కం'లో వెంకటేశానికి చదువు చెప్పవలసిన గిరీశం చుట్ట కాల్చడం అలవాటు చేస్తాడు. నేడు చుట్ట స్థానంలో సిగరెట్టు వచ్చింది. గిరీశాలు మాత్రం మారలేదు. అందుకే 2003 నాటి చట్టం 18 ఏళ్ల లోపువారికి పొగాకు ఉత్పత్తులు అమ్మడాన్నీ, విద్యాసంస్థలకు 100 గజాల లోపు వాటి విక్రయాన్నీ నిషేధించింది.

అయితే దేహం క్షమాశీలం కలది. చివరి సిగరెట్టు ఆర్పిన 20 నిమిషాలకే నాడి, రక్తపోటు తగ్గుముఖం పడతాయి. కొద్ది రోజులలో రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ సహజస్థాయికి దిగుతుంది. ఏడాది గడిచేసరికి హృద్రోగ ప్రమాదం, పొగతాగేవారితో పోలిస్తే, దాదాపు సగమవుతుంది. మానడం కష్టమే, కాని అసాధ్యం కాదు. అసలు మొదలుపెట్టకపోవడం అన్నిటికంటే సులభం. స్నేహితుడు సిగరెట్టు చాచినప్పుడు ఒక్కసారి మీ నాడిని పట్టి చూసుకోండి. అది మీకు జీవితాంతం తోడుండవలసిన నేస్తం.