నేలలో కారే పైపు, ఇంట్లో విరేచనాలు

ఇంట్లో ఇద్దరు పిల్లలకు ఒకేసారి విరేచనాలు పట్టుకుంటే మొదట నిన్న తిన్న తిండిని అనుమానిస్తాం. గడప ముందు నేలలో పూడ్చిన నీళ్ళ పైపు మన తలంపుకే రాదు. 2021 ఏప్రిల్‌లో అప్పటి కర్నూలు జిల్లాలోని ఆదోనిలోనూ, పాణ్యం మండలం గోరుకల్లులోనూ వాంతులు, విరేచనాలు ప్రబలి ప్రాణాలు పోయాయి. అనుమానమంతా తాగే నీటి మీదికే వెళ్ళింది.

కారే పైపులోంచి నీళ్ళు బయటికే కదా పోతాయి, మురికి లోపలికెలా వస్తుంది అని అడుగుతారు. మన ఊళ్ళలో చాలా వీధులకు కుళాయి వచ్చేది కొద్దిసేపే. వస్తున్నంతసేపు ఒత్తిడి వల్ల చుక్క బయటికే పోతుంది. నీళ్ళు ఆపగానే పైపు ఖాళీ అవుతూ చుట్టూ ఉన్న తడిని లోపలికి పీలుస్తుంది. పక్కనే మురుగు కాలువ ఉంటే ఇక చెప్పేదేముంది! కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగేవారు ఈ పీల్పును ఇంకా పెంచుతారు. కలరా, టైఫాయిడ్, పచ్చకామెర్లు ఈ దారినే వస్తాయి.

మన నల్లరేగడి నేల ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. ఆ కదలికకు పైపు అతుకులు ఊడతాయి. పైన కడప బండలు పరిచి ఉంటాయి కనుక తడి ఒకచోట, కారడం మరోచోట కనబడుతుంది.

కనిపెట్టడం ఎలా? రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, మిద్దె మీది ట్యాంకులో నీటి మట్టానికి గీత పెట్టండి. తెల్లవారేసరికి మట్టం దిగితే, మరుసటి రాత్రి ట్యాంకు కిందనున్న వాల్వు కూడా మూసి చూడండి. అప్పుడూ దిగితే లోపం ట్యాంకుది, దిగకపోతే పైపుది. వీధి నుంచి సంపుకు వచ్చే లైనుకు మీటరుంటే, నీళ్ళు వచ్చే వేళ సంపు కుళాయి కట్టేసి మీటరు చక్రం చూడండి. మీటరు లేకుంటే ఇనుప కడ్డీ ఒక కొస పైపుకు, మరో కొస చెవికి ఆనించండి, బుస్సుమనే శబ్దం వినబడవచ్చు. మండు వేసవిలో గోడ పక్క పచ్చగడ్డి, నీళ్ళు వదలగానే మొదటి బిందెలో మట్టి, వాసన కూడా గుర్తులే.

తవ్వేటప్పుడు గునపం దూరంగా దించి, పైపు దగ్గర చేత్తో మట్టి తీయండి. పైపు కిందికి ఇంకా లోతుగా తవ్వి, నిలిచిన నీళ్ళు తోడేశాకే కోయాలి. లేకుంటే ఆ బురద పైపులోకే పోతుంది. పీవీసీ అయితే పగిలిన ముక్క తీసేసి, కొత్త ముక్కను కప్లింగులతో, తుడిచి ఆరబెట్టిన కొసలకు సొల్యూషన్ రాసి అతకాలి. తుప్పుపట్టిన పాత జీఐ పైపుకు మరమ్మతు కన్నా మార్పే మేలు. సైకిల్ ట్యూబు చుట్టి వదిలేయడం మనవాళ్ళకు బాగా అలవాటు. అది నీళ్ళను కాస్త ఆపుతుందేమో, పీల్పును ఆపదు. పైపు మురుగు కాలువను దాటవలసివస్తే అడుగున్నర పైనుంచి వేయించండి. వీధి మెయిన్ దగ్గర మాత్రం మీరు చేయి పెట్టకండి, అది మున్సిపాలిటీవారి పని.

అతుకు ఆరాక 500 లీటర్ల ట్యాంకుకు 100 గ్రాముల బ్లీచింగ్ పౌడరు బకెట్లో కలిపి, పైన తేరిన నీటినే పోయండి. ప్రతి కుళాయిలో ఆ వాసన వచ్చేదాకా వదిలి, కట్టేసి రాత్రంతా ఉంచండి. ఆ నీళ్ళు ఎవరూ తాగకూడదు. ఉదయం వాసన పోయేదాకా వదిలేయండి. వీధి నీళ్ళు శుభ్రమని తేలేదాకా కాచి తాగండి. ఈలోగా ఎవరికైనా విరేచనాలైతే ఓఆర్ఎస్ పట్టించండి. మూత్రం తగ్గినా, బిడ్డ మగతగా పడివున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.