బొంబాయిలో అద్దె ఇళ్లు

బొంబాయి పాత పేటల్లో మూడు నాలుగంతస్తుల చాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబం కాపురముంటుంది. వరండా మాత్రం అందరిదీ. తెలుగు నేల నుంచి కూలికి వెళ్లిన కామాఠీల పేరున వెలసిన కామాఠీపురాలోనూ ఇలాంటి ఇళ్లున్నాయి. కొన్నింటి గోడలు కూలకుండా దుంగలు ఆనించి ఉంచుతారు. మరి, యజమానులు వీటిని ఎందుకు బాగు చేయించలేదు?

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో నగరానికి జనం విపరీతంగా వచ్చారు. ఇళ్లు చాలక అద్దెలు పెరిగాయి. బీదవారు వీధిన పడకూడదని 1947లో అద్దెల నియంత్రణ చట్టం చేశారు. పాత ఇళ్లకు 1940 సెప్టెంబరు 1 నాటి అద్దెనే ప్రమాణంగా నిర్ణయించారు. తగిన కారణం లేకుండా ఖాళీ చేయించరాదన్నారు.

ఇది మంచి ఉద్దేశమే. కాని ఇటుక, సున్నం ధరలూ మేస్త్రీ కూలీ 1940 దగ్గర ఆగలేదు కదా! నెలకు పది రూపాయలు వచ్చే గదికి యజమాని కొత్త కప్పు ఎలా వేయిస్తాడు? కట్టి అద్దెకిచ్చేవారు తగ్గిపోయారు. పాత గది చేతులు మారాలంటే ‘పగిడీ’ అనే పెద్ద మొత్తం చాటుగా ముట్టజెప్పాలి. లోపల ఉన్నవారికి రక్షణ దొరికింది గాని, కొత్తగా వచ్చినవారికి ఇల్లు దొరకడమే కష్టమయింది.

ఆ పాత అద్దెలు ఇక న్యాయం కావని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. 2000 మార్చి 31న అమలులోకి వచ్చిన మహారాష్ట్ర చట్టం పగిడీని చట్టబద్ధం చేసి, ఏటా నూటికి నాలుగు చొప్పున అద్దె పెంచుకోనిచ్చింది. పది రూపాయల గదికి ఆ పెంపు నలభై పైసలు!