మీకు తెలుసా? పోప్ మాటకు తిరుగుందా!

మదనపల్లె దగ్గరి పుంగనూరులో 18వ శతాబ్దం ఆరంభంలో ఫ్రెంచ్ జెసూట్ గురువులు కాషాయం కట్టి, మాంసం మానేసి సన్యాసుల్లా బతికారు. ఇలా స్థానిక ఆచారాలకు చోటివ్వడం గొడవైంది. పోప్ ప్రతినిధి టూర్నాన్ 1704లో పాండిచ్చేరిలో ఆంక్షలు పెట్టారు: వినాయకుడి బొమ్మ ఉన్న తాళి కూడదన్నారు. 1744లో 14వ బెనెడిక్ట్ పోప్ నిషేధాలను ఖరారు చేశారు. వాటికి కట్టుబడతామని మిషనరీలు చేయాల్సిన ప్రమాణాన్ని రోమ్ 1940లో ఎత్తేసింది.

మరి పోప్ పొరబడరంటారే? 1870 జులై 18న మొదటి వాటికన్ మహాసభ ప్రకటించిన సిద్ధాంతం ప్రకారం, విశ్వాస, నైతిక విషయాల్లో యావత్ చర్చికీ ఆయన ఇచ్చే తుది నిర్వచనానికే ఆ హామీ. క్రమశిక్షణ ఉత్తర్వులు ఆ కోవలోకి రావు. 1870 తర్వాత అలాంటి తుది నిర్వచనంగా వెలువడింది ఒక్కటే: 1950 నవంబర్ 1న, మరియమాత ఆత్మశరీరాలతో మోక్షానికి ఎత్తబడ్డారన్న ప్రకటన.