టేకు ఓడిపోయే పందెం

బూర్గంపాడు వైపు చెక్క పని అనగానే ముందు వచ్చే మాట టేకు. గుమ్మమైనా మంచమైనా టేకుదైతేనే గొప్ప. అమెరికాలో స్కౌటు పిల్లలు ఏటా ఆడే ఒక కారు పందెంలో మాత్రం టేకు దిమ్మ చక్రాలు తొడగకముందే ఓడిపోతుంది. అక్కడ ఇచ్చే దిమ్మ పొడవు 7 అంగుళాలు, వెడల్పు 1.75, మందం 1.25. అంటే సుమారు 250 ఘన సెంటీమీటర్లు. ఆరిన టేకు ఘన సెంటీమీటరుకు దాదాపు 0.65 గ్రాములు తూగుతుంది కాబట్టి అంత దిమ్మ 160 గ్రాములు దాటుతుంది. చక్రాలు, మేకులతో కలిపి కారు 5 ఔన్సులు, అంటే 142 గ్రాములు మించకూడదన్నది నియమం. అదే కొలత పైన్ దిమ్మ 110 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది.

ఈ కారు పుట్టింది 1953లో, కాలిఫోర్నియాలోని మాన్‌హాటన్ బీచ్‌లో. డాన్ మర్ఫీ నార్త్ అమెరికన్ ఏవియేషన్ అనే విమానాల కంపెనీలో ఉద్యోగి. పిల్లలు తామే కూర్చుని తోలే సోప్‌బాక్స్ బండ్ల పందెం అప్పటికే అమెరికాలో పేరుమోసింది. మర్ఫీ కొడుక్కి అప్పుడు పదేళ్ళు, దానికి వయసు చాల్లేదు. కూర్చునే బండి కాకపోతే చేతిలో పట్టే బండి చేద్దామనుకున్నాడు తండ్రి. ఒక పైన్ దిమ్మ, నాలుగు చక్రాలు, ఇరుసులుగా నాలుగు మేకులు: సరంజామా అంతే. మే 15న తొలి పందెం జరిగింది. 31 అడుగుల వాలు బాట కట్టారు. ఎవరు ముందు చేరారో చెప్పడానికి కాలింగ్ బెల్లు సామాను, బ్యాటరీలతో ఒక ఏర్పాటు చేశారు. మరుసటి ఏడాదికల్లా స్కౌట్ల పత్రిక దాన్ని దేశమంతటా చాటింది. ఆట పేరు పైన్‌వుడ్ డెర్బీ.

ఈ కారుకు ఇంజను లేదు, తోసేవాళ్ళూ లేరు. బాట పైకొసన ఉన్నప్పుడు ఎంత ఎత్తు దక్కిందో అదే ఇంధనం. అందుకే తేలిక చెక్క కావాలి. చెక్కలో మిగిలిన బరువును సీసంగానో టంగ్‌స్టన్‌గానో మార్చి మనకు నచ్చిన చోట దాచుకోవచ్చు. నచ్చిన చోటు వెనక చక్రాల ముందు. వాలు మీద నిలబెట్టినప్పుడు కారు వెనక భాగమే ఎత్తున ఉంటుంది కదా! వాలు 30 డిగ్రీలైతే, బరువు కేంద్రాన్ని 3 సెంటీమీటర్లు వెనక్కి జరిపితే అది ఒకటిన్నర సెంటీమీటరు ఎక్కువ ఎత్తు నుంచి దిగుతుంది. మూడు సెకన్ల పరుగులో ముగింపు గీత దగ్గర కొన్ని సెంటీమీటర్ల ఆధిక్యానికి అది చాలు. టంగ్‌స్టన్ సాంద్రత 19.3, సీసానిది 11.3. టంగ్‌స్టన్ అయితే చిన్న గుంతలో ఎక్కువ బరువు పడుతుంది, పైగా సీసం పిల్లల చేతికి ఇవ్వదగింది కాదు.

ఈ కారును ఇక్కడ చేద్దామంటే మన అడవుల్లో పైన్ లేదు. సారపాక కాగితం మిల్లుకు వెళ్ళే జామాయిల్ ఎంత దొరికినా అది బరువు, ఆరేటప్పుడు మెలి తిరుగుతుంది. సరైన జవాబు కొండపల్లి, నిర్మల్ బొమ్మల వాళ్ళ దగ్గర ఎప్పటినుంచో ఉంది: పొణికి. ఇట్టే తెగే మెత్తని తేలిక చెక్క. టేకులో ఇసుక జాతి సిలికా కణాలుంటాయి కాబట్టి ఉలి అంచు త్వరగా మొద్దుబారుతుంది. పొణికితో ఆ బాధ లేదు. పదేళ్ళ పిల్ల చేతికి సన్నపళ్ళ రంపం ఇచ్చినా పని సాగుతుంది.

పనిముట్ల దగ్గరే చాలామంది తప్పుదారి పడతారు. డబ్బంతా కోత యంత్రానికి పెట్టి, కారును ముక్కు సాగిన విమానంలా చెక్కుతారు. గాలి నిరోధం సంగతి అబద్ధం కాదు, సన్నటి ఒళ్ళున్న కారుకు కొంత లాభం ఉంటుంది. దానికి రంపం, చిత్రిక, ఉప్పు కాగితం సరిపోతాయి. నా ఓటు మూలమట్టానికి. ఇరుసు రంధ్రం ఒక్క డిగ్రీ వాలినా చక్రం నేరుగా దొర్లదు, బాట మధ్యలోని పట్టీని గీరుకుంటూ పోతుంది. ఆ గీరుడు మింగేసే వేగాన్ని ఏ ముక్కూ తిరిగి ఇవ్వలేదు. చేతి డ్రిల్లు కంటే నిలువు స్టాండుకు బిగించిన డ్రిల్లు మేలు. అది లేకపోతే దిమ్మను వైసులో బిగించి, మూలమట్టాన్ని పక్కన నిలబెట్టి, దాన్ని చూస్తూ తొలచాలి. రంధ్రం పెట్టే పని దిమ్మ నలుచదరంగా ఉండగానే ముగించాలి. ఒంపులు చెక్కాక మూలమట్టం ఆనించడానికి చోటుండదు.

అసలు రాపిడి మేకు మీద. అచ్చులో కొట్టిన మేకు తల కింద సన్నటి గీతలు, బొడిపెలు ఉంటాయి. వాటిని చిన్న ఆకురాయితో తీసి, మేకును డ్రిల్లుకు బిగించి తిప్పుతూ నీళ్ళలో తడిపిన నున్నటి ఉప్పు కాగితం పట్టాలి. ఒక నంబరు కాగితం తర్వాత ఇంకా సన్నటి నంబరుది, చివరికి అద్దంలా మెరిసేదాకా. ఇప్పుడా డ్రిల్లు తొలిచే పని మానేసింది. మేకు తిరుగుతోంది, కాగితం కదలకుండా ఉంది. అంటే అదొక చిన్న లేత్. ఏటికొప్పాకలో అంకుడు కొయ్యను తిప్పుతూ లక్క కర్ర ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి కొయ్యకు పట్టుకుంటుంది. బొమ్మకు రంగిచ్చే అదే రాపిడి ఈ కారుకు శత్రువు. చక్రాలు కూడా అక్కడి లేత్ మీద అంకుడుతో తీయిస్తే గుండ్రానికి ఢోకా ఉండదు, కాకపోతే అంచులు పలచన చేయమని చెప్పాలి. చక్రాన్ని తిప్పడానికి ఖర్చయ్యే శక్తి కారును ముందుకు నడపదు.

కందెన కూడా ముఖ్యమే. ఎడ్లబండి ఇరుసుకు మనవాళ్ళు ఆముదంలో గడ్డి మసి కలిపి రాసేవారు. ఈ చిన్న ఇరుసుకు నూనె పనికిరాదు, దుమ్ము పట్టి జిగురవుతుంది. పొడి గ్రాఫైట్ వేస్తారు. మసిలాగే అదీ కార్బనే, కాకపోతే పొరలు పొరలుగా జారే కార్బన్. చక్రం వ్యాసం 30 మిల్లీమీటర్లు, మేకుది రెండు చిల్లర. ఇరుసు ఎంత సన్నమైతే రాపిడి చేతికి అంత తక్కువ పట్టు దొరుకుతుంది. అయితే మరీ సన్నం చేస్తే వంగుతుంది, వంగిన ఇరుసు మీద చక్రం ఊగుతుంది.

నియమాలు అనుమతించే చోట అనుభవజ్ఞులు ఇంకో కిటుకు వాడతారు. ముందు చక్రాల్లో ఒకదాన్ని వెంట్రుక వాసి పైకి లేపి, కారును మూడు చక్రాల మీదే పరుగెత్తిస్తారు. నాలుగోది తిరగదు కాబట్టి శక్తి తినదు. దానికోసం నాలుగో రంధ్రాన్ని మిగతా మూడింటి కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు పైన పెట్టాలి. ఆ గుర్తును ఉక్కు స్కేలుతో, పదునైన పెన్సిలుతో దిమ్మ మీద మొదటి రోజే గీసుకోవాలి.