చలికి కుంపటి పెడుతున్నారా? కిటికీ తెరవండి!

కార్తీకం వెళ్లిందో లేదో దిల్‌సుఖ్‌నగర్ పేవ్‌మెంట్ల మీద స్వెట్టర్లు, మఫ్లర్లు వేలాడుతుంటాయి. ఎల్బీనగర్ దాటి వనస్థలిపురం జింకల పార్కు వైపు వెళితే తెల్లవారుజామున చలి ఇంకో పిసరు ఎక్కువే అనిపిస్తుంది. హైదరాబాద్ చలి ఎంతలే అని తీసిపారేయకండి. 1946 జనవరి 8న ఇక్కడ 6.1 డిగ్రీలు నమోదైంది మరి!

మన ఇళ్లేమో ఎండను దృష్టిలో పెట్టుకుని కట్టినవి. చల్లటి గచ్చు, కిటికీల సందులు, పైన వెంటిలేటర్లు. వేడి ఎక్కడ నిలుస్తుంది? ఇక్కడి కోచింగ్ సెంటర్లలో కంప్యూటర్ నేర్చుకుని అమెరికా వెళ్లిన అమ్మాయిల పురుళ్లకు వెళ్లొచ్చిన తల్లులు కొందరు, "అక్కడ హాల్లో ఒక్క కట్టెల పొయ్యి వెలిగిస్తే ఇల్లంతా వెచ్చగా ఉంటుంది. మనకెందుకు కుదరదూ?" అని అడుగుతుంటారు.

అసలు సంగతి పొగగొట్టంలో ఉంది. ఆ పొయ్యి అద్దం తలుపున్న ఇనప పెట్టె. పొగ మొత్తం గొట్టంలోంచి ఇంటికప్పు పైకి పోతుంది. కట్టెల్ని చీల్చి ఏడాదిపాటు ఆరబెడతారు. పచ్చి కట్టె కాల్చారా, గొట్టం లోపల తారు పేరుకుని ఎప్పుడో ఓనాడు అదే అంటుకుంటుంది. అందుకే ఏటా గొట్టం దులిపించాలి. చివరి గది కూడా వెచ్చబడాలంటే అక్కడ నేలమీద చిన్న ఫ్యాను పెట్టి, చల్లగాలిని పొయ్యి వైపు తోలతారు. వేడిగాలి గుమ్మం పైభాగం నుంచి తనంతట తనే వస్తుంది. తమాషాగా లేదూ!

పొగగొట్టం మనకేం కొత్త కాదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీలో డాక్టర్ ఎస్.పి.రాజు పొగలేని మట్టి పొయ్యి రూపొందించారు. దానిమీద 1953లో ఇంగ్లీషులో పుస్తకమే రాశారు. 1980ల్లో కేంద్ర ప్రభుత్వమూ ఇలాంటి పొయ్యిలు పంచింది. మసి పట్టిన గొట్టాన్ని ఎవరు శుభ్రం చేయాలన్న దగ్గరే చాలా పొయ్యిలు మూలపడ్డాయి. ఆ పని కూడా ఆడవాళ్ల నెత్తినే పడిందని వేరే చెప్పాలా?

ఇక కుంపటి. దీనికి గొట్టమే లేదు. పైగా బొగ్గులు ఎర్రగా రాజుకున్నాక పొగ కూడా రాదు. "పొగ లేదుగా, ఫరవాలేదు" అనుకోవడమే కొంప ముంచుతుంది! ఆ నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. నెత్తురులో ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేస్తుంది. ఉత్తరాదిలో అంగీఠీ పెట్టుకుని తలుపులు బిగించుకు పడుకున్న కుటుంబాలు తెల్లారేసరికి లేవలేదన్న వార్తలు చలికాలంలో చదువుతూనే ఉంటాం.

మన దగ్గర భయపడాల్సింది రెండుచోట్ల. ఒకటి, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వాచ్‌మన్ కుటుంబం ఉండే ఇరుకు గది. రెండోది బాలింత గది. మంచం కింద నిప్పులు పెట్టడం, గాలి తగలకూడదని కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కడం పెద్దవాళ్లకు అలవాటు. పెంకుటింట్లో పైనుంచి గాలి ఆడేది కాబట్టి చెల్లింది. స్లాబు గదికి, అల్యూమినియం కిటికీలకు అది పనికిరాదు. అత్తగారితో వాదన ఎందుకనుకుంటే, కుంపటి మీద నీళ్లు బయట కాచుకొచ్చి, రబ్బరు సంచిలో పోసి, తువ్వాలు చుట్టి తల్లి కాళ్ల దగ్గర పెట్టండి. పసిబిడ్డకు మాత్రం ఆ సంచి తగలనివ్వకండి.

తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు ఇంట్లో అందరికీ ఒకేసారి మొదలైతే పైత్యమని నిమ్మరసం తాగుతూ కూర్చోకండి. తలుపులు బార్లా తీసి, అందర్నీ ఆరుబయటికి తెచ్చి, 108కి ఫోన్ చేయండి.

చలికి పైన రెండు దుప్పట్లు కప్పుకునే బదులు ఒకటి కింద పరుచుకుని చూడండి. నేల మీద పడుకునేవాళ్లకు తేడా ఆ రాత్రే తెలుస్తుంది. పాత చీరలతో కుట్టిన బొంత ఉంటే ఇంకేం కావాలి!

అన్నట్టు, చిన్న బాత్‌రూముల్లో పెట్టే గ్యాస్ గీజర్‌ నుంచీ ఇదే వాయువు రావచ్చు. వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టి ఉంటే ఇవాళే తీసేయండి. గీజర్‌ని బాత్‌రూము బయట, గాలాడే చోట బిగించమని ప్లంబర్‌తో చెప్పండి. అందాకా బకెట్ నింపుకుని, గీజర్ ఆపేసి, కాసేపు తలుపు తెరిచి ఉంచాకే స్నానానికి వెళ్లండి.