వాన రాకున్నా మంద ఉంది!

నెల్లూరు జిల్లా పడమటి మెట్టన ఉన్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో సేద్యానికి తోడు గొర్రెల పెంపకమూ ఉంటుంది. వాన ముఖం చాటేస్తే కందీ, సజ్జా కలిసే ఎండిపోతాయి. మంద మాత్రం మేత ఉన్న చోటికి నడిచిపోతుంది!

షేర్లలోనూ అంతే. 2009 జనవరి 7న సత్యం షేరు ఒక్కరోజులోనే సుమారు 179 రూపాయల నుంచి 40కి పడిపోయింది. పది కంపెనీల షేర్లున్నవారికి ఆ దెబ్బ అంతగా తగల్లేదు. కానీ 2008లో సెన్సెక్స్‌ 21 వేల నుంచి 8 వేల దిగువకు జారినప్పుడు ఆ పదీ కలిసే పడ్డాయి. అన్నీ ఒకే వానను నమ్ముకున్న పైర్లు మరి!

అందుకే కొంత సొమ్ము బ్యాంకు డిపాజిట్లలో, కొంత బంగారంలో ఉండాలి. లాభం కాస్త తగ్గొచ్చు. కానీ పిల్లల ఫీజు కట్టాల్సిన నెలలో షేర్లను నష్టానికి అమ్ముకునే అవసరం రాదు.