చేతిపనితో చదువు: సండేస్కూలు టీచర్లకు కొన్ని మాటలు

చాలా సండేస్కూళ్ళలో ఇలాంటి పిల్లవాడు ఒకడు ఉంటాడు. కథ చెబితే అందరికంటే ముందు జవాబిస్తాడు. వాక్యం చదవమంటే మాత్రం తల వంచుకుంటాడు. బడిలో అతనికి ‘మొద్దు’ అని పేరు పడుతుంది. కొన్నాళ్ళకు బడి మానేసి పత్తి చేనుకో, మేకల వెంటో వెళ్ళిపోతాడు.

ఇలాంటి పిల్లల్లో కొందరికి ఉన్నది తెలివితక్కువతనం కాదు, డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యం. బుద్ధిమాంద్యం వేరు, ఇది వేరు. తెలివి ఉంటుంది గాని, అక్షరం రూపాన్నీ దాని ధ్వనినీ కలిపి గుర్తుంచుకోవడం కష్టమవుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇదీ ఒకటి.

ఉట్నూర్ వైపు ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో గోండి, కొలామి మాట్లాడే పిల్లలకు బడిలో ఎదురయ్యేది తెలుగు. తెలుగు రాకపోవడం వైకల్యం కాదు. ముందు కంటిచూపు, వినికిడి పరీక్ష చేయించండి. తరువాత ఇంటి భాషలోనే ఒకే శబ్దంతో మొదలయ్యే మాటలు చెప్పమనండి. అక్కడా తడబడుతూ, నెలల తరబడి ఓపికగా నేర్పినా అక్షరాలు నిలవకపోతే అప్పుడు అనుమానించాలి.

ఇక నేర్పే విధానం. కన్ను, చెవి ఒప్పుకోనిచోట చేతిని కూడా తోడు తెచ్చుకోవాలి. మన పాత వీధిబడుల్లో ఇసుకలో వేలితో దిద్దించేవారు. 1939లో మన దేశానికి వచ్చి మద్రాసు అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన మరియా మాంటెస్సోరి పద్ధతిలో గరుకు కాగితపు అక్షరాలను పిల్లలు వేళ్ళతో తడుముతారు.

ప, ఫ, ష ఒకే పోలికలో ఉంటాయి. మూడూ ఒకేసారి నేర్పకండి. ముందు ‘ప’ ఒక్కటే. తడి మట్టిని తాడులా పేని పలక మీద పెద్ద అక్షరం చేయించండి. దాన్ని తడుముతూ పైకి పలకాలి. తరువాత కళ్ళు మూసుకుని తడిమి చెప్పాలి. తలకట్టును విడిముక్కగా చేయించండి. అది తీసి గుడి పెడితే ‘పి’ అవుతుందని చేతికే తెలుస్తుంది. లెక్కలకు పూసలు చాలు: పదేసి పూసల దండలు మూడు, విడిపూసలు నాలుగు కలిస్తే 34.

ఈ పిల్లల్లో చాలామందికి వరుస గుర్తుండదు. అందుకు ఆదిలాబాద్ డోక్రాను మించిన పాఠం మాకు తోచడం లేదు. ఉషేగావ్ వంటి ఊళ్ళలో ఓజాలు చేసే ఈ ఇత్తడి బొమ్మలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మట్టి బొమ్మ, దానిమీద మైనపు తీగల అల్లిక, పైన మళ్ళీ మట్టి పూత. కాల్చితే మైనం కరిగిపోతుంది, ఆ ఖాళీలో కరిగించిన ఇత్తడి పోస్తారు. వరుస తప్పితే బొమ్మ రాదు. పిల్లలకు పని చూపించి (కొలిమికి దూరంగానే సుమా), తిరిగివచ్చాక ఒక్కో దశను బొమ్మగా గీయించి, దాని కింద ఒక్కో మాట రాయించండి.

ఆ మాట రాయించడం ముఖ్యం. సెలవుల బైబిలు పాఠశాలల్లో రంగు కాగితాలు కత్తిరించి అతికిస్తారు, ఆ పనికీ పాఠానికీ చాలాసార్లు సంబంధమే ఉండదు. ‘చదువు ఎలాగూ రాదు, చేతిపనైనా నేర్పుదాం’ అనే మాటకూ మేము ఒప్పుకోము. గుడారపు పనివాడైన బెసలేలు నేర్పును దేవుడిచ్చిన జ్ఞానమని బోధించే మనమే, చేతిపనిని చదువురానివాడి వాటాగా చూడడమేమిటి?

చేతిపని ఈ వైకల్యాన్ని మాన్పదు. అక్షరానికి దారి చూపుతుంది, అదీ దాదాపు రోజూ కాసేపు చేయిస్తేనే. ఆదివారపు గంట సరిపోదు. చాలా మండల కేంద్రాల్లో ప్రత్యేక అవసరాల పిల్లలకు భవిత కేంద్రాలున్నాయి. తల్లిదండ్రులను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళండి, వైకల్య ధ్రువపత్రం గురించి అడగండి. పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం వంటి సౌకర్యాలకు అది అవసరమవుతుంది.

ఈలోగా, వచ్చే ఆదివారం ఆ పిల్లవాణ్ణి సంఘమంతటి ముందు నిలబెట్టి కొత్త వాక్యం చదివించకండి. శనివారమే ఆ వాక్యంలోని రెండు మాటలు మట్టితో చేయించండి. ఆ రెండూ అతను చదువుతాడు, మిగిలినది పక్కనున్న స్నేహితుడు చదువుతాడు.